వెనుకబాటు పేరిట వచ్చిన రాయితీలు: శ్రీకాకుళం, విజయనగరం అనుభవం

సర్దార్ గౌతు లచ్చన్న గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి పన్నుల విషయం ఎంచుకోవడం కొందరికి పొడిగా తోచవచ్చు. కానీ 1909లో బారువలో పుట్టి 2006లో కన్నుమూసిన ఆ రైతు నాయకుడి జీవితంలో పెద్ద భాగం ఇలాంటి ప్రశ్నలతోనే గడిచింది. పండిన దానిలో ఎవరి వాటా ఎంత? ఎవరి మీద భారం, ఎవరికి మినహాయింపు? 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ రోజుల్లోనే మందస జమీందారీలో రైతుల మీద తుపాకులు పేలాయి, వీరగున్నమ్మ నేలకొరిగింది. జమీందారీలు పోయాయి గానీ ప్రశ్న పోలేదు. నేడది పరిశ్రమల రాయితీల రూపంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముందుంది.

ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఒక్కటే. వెనుకబడిన జిల్లా పేరిట ఇచ్చిన పన్ను రాయితీ, ఆ జిల్లాలో పెద్ద నగరానికి అతి చేరువగా ఉన్న అంచునే ఆగిపోతుంది. లోపలి చిన్న పట్నాలకు చేరదు. చేరాలంటే జిల్లా పేరు చూసి కాక, అక్కడ నిజంగా పుట్టిన ఉద్యోగాన్ని చూసి ఇవ్వాలి. ఇచ్చినదెంతో ఆ ఊరి ప్రజలు ఎన్నుకున్న పాలకవర్గం ముందు లెక్క పెట్టాలి. యాభై ఏళ్ల అనుభవం ఈ మాటకు సాక్ష్యం. ఆ అనుభవంలోకి వెళ్లేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

వ్యాపారులను పిలవడానికి పన్నును సాధనంగా వాడటం తెలుగు నేల మీద ఎనిమిది వందల ఏళ్ల నాటి సంగతి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అందుకు మనకున్న గొప్ప ఆధారం. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి వచ్చే నావికులకు అది అన్యాయమని గణపతిదేవుడు ప్రకటించాడు. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఆయన సుంకం ఎత్తేయలేదు. ఏ సరుకు మీద ఎంతో రాతిమీద చెక్కించాడు, అంతే. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో మరో శాసనం వేయించి ఆ అభయాన్ని కొత్త చేశాడు, కొన్ని సుంకాలు తగ్గించాడు. సముద్రం దాటి వచ్చే వర్తకుడు కోరుకున్నది సున్నా పన్ను కాదు, రేపు మారని పన్ను. ఈ మాటను శాసనకర్తలు గ్రహించినంతగా మన పారిశ్రామిక విధానాలు రాసినవారు గ్రహించారా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఉత్తర తీరానికి వస్తే, శ్రీకాకుళం పేరు ఒకప్పుడు సన్నని మస్లిన్ బట్టకు మారుపేరు. ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో చికాకోల్ అని రాసిన ఈ ఊరి పేరు నేతతో ముడిపడే కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో మగ్గం మీద, చేతివృత్తుల మీద ముతర్ఫా అనే పన్ను ఉండేది. ఇంగ్లండు మర బట్ట వచ్చి ఇక్కడి మగ్గాన్ని పడగొడుతున్న దశాబ్దాల్లో కూడా నేతగాడి మీద ఆ పన్ను పడుతూనే ఉంది. 1860ల తొలినాళ్లలో అది రద్దయ్యేసరికి చేయవలసిన నష్టం జరిగిపోయింది. ఆలస్యంగా వచ్చిన పన్ను ఊరట పోయిన పరిశ్రమను తిరిగి తేలేదు.

రైలు కూడా ఇక్కడి పట్నాల తలరాత మార్చింది. 1890ల్లో తూర్పుతీరపు రైలు మార్గం పడినప్పుడు అది శ్రీకాకుళాన్ని తాకకుండా ఆమదాలవలస మీదుగా పోయింది. నేటికీ ఆ స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే అక్కడ దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. రైలు వచ్చాక కళింగపట్నం రేవు కళ తప్పింది. విజయనగరం మాత్రం రాయపూర్ లైను కలిసే జంక్షన్ అయింది. శ్రీకాకుళానికి 1856లోనే పురపాలక సంఘం ఉంది, విజయనగరానికి 1888లో వచ్చింది. పాత పట్నం వెనకబడి కొత్త జంక్షన్ ముందుకు రావడంలో పన్నుల పాత్ర ఏమీ లేదు. పట్టాలు ఎటు పడ్డాయన్నదే తేల్చింది.

పరిశ్రమ విషయంలోనూ అంతే. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది నాటి విశాఖపట్నం జిల్లాలో, నేటి విజయనగరం ప్రాంతంలోనే. ఆ ఖనిజం ఉంది కాబట్టి, 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వెలిగింది కాబట్టి, గరివిడి దగ్గర శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం లేచింది. గోగు పండింది కాబట్టి నెల్లిమర్లలో జూట్ మిల్లు వందేళ్ల క్రితం పుట్టింది. బొబ్బిలి, రాజాం, సాలూరు చుట్టూ గోనె సంచుల పరిశ్రమ అల్లుకుంది. భోగాపురం విమానాశ్రయాన్ని చేపట్టిన జీఎంఆర్ సంస్థ మొదటి అడుగు కూడా 1978లో రాజాంలోని ఒక జూట్ మిల్లే.

ఈ చరిత్రలో ఒక కొలిమి దగ్గర కాసేపు ఆగుదాం. సిలికో మాంగనీసు టన్ను తయారు కావాలంటే ఫర్నేసు సుమారు 4,000 యూనిట్ల కరెంటు మింగుతుంది. యూనిట్ ధర ఒక్క రూపాయి పెరిగితే టన్నుకు నాలుగు వేలు పెరిగినట్టు. 2015-20 రాష్ట్ర పారిశ్రామిక విధానం కొత్త యూనిట్లకు అయిదేళ్లపాటు యూనిట్‌కు రూపాయి చొప్పున తిరిగిచ్చే మాట ఇచ్చింది. టన్నుకు నాలుగు వేలంటే ఫెర్రో వ్యాపారంలో అది చావుబతుకుల తేడా. ఆస్తి పన్ను మినహాయింపో, రిజిస్ట్రేషన్ ఖర్చు వాపసో దాని పక్కన లెక్కకు రావు. కరెంటు ధర పెరిగిన ప్రతిసారీ ఈ ప్రాంతంలో ఫర్నేసులు ఆగాయి. కాంట్రాక్టు కార్మికులు మూటలు సర్దుకుని విశాఖకో, జంషెడ్‌పూర్‌కో, పారాదీప్‌కో బయలుదేరారు. రాయితీలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదనడానికి ఇది చాలు. ఏ పరిశ్రమకు ఏది ప్రాణమో తెలిసి ఇచ్చినది పనిచేస్తుంది.

ఇక అసలు కథ. 1960ల చివర కేంద్ర ప్రభుత్వం వెనుకబడిన ప్రాంతాలను గుర్తించడానికి పాండే కమిటీని, అక్కడికి పరిశ్రమలు రప్పించే మార్గాలు చెప్పడానికి వాంచూ కమిటీని వేసింది. ఆ సూచనల నుంచే 1971లో కేంద్ర పెట్టుబడి సబ్సిడీ వచ్చింది, 1974లో ఆదాయపు పన్ను చట్టంలో 80హెచ్‌హెచ్ సెక్షన్ చేరింది. వెనుకబడిన ప్రాంతంలో కొత్త పరిశ్రమ పెడితే లాభంలో 20 శాతం మీద పదేళ్లపాటు పన్ను ఉండేది కాదు. చట్టానికి జతచేసిన ఆ జిల్లాల జాబితాలో శ్రీకాకుళం ఉంది. మెదక్ కూడా ఉంది.

ఆ రెండు పేర్ల మధ్యే మొత్తం పాఠం ఉంది. హైదరాబాదు పొలిమేరలోని పటాన్‌చెరు పరిపాలన రీత్యా అప్పట్లో మెదక్ జిల్లాలోది. అందుచేత వెనుకబడిన ప్రాంతం. మహానగరపు మార్కెట్, బ్యాంకులు, ఇంజనీర్లు, బడులు, ఆసుపత్రులు అన్నీ కూతవేటు దూరంలో పెట్టుకుని, వెనుకబాటు రాయితీలన్నీ అందుకోగల చోటు అది. పరిశ్రమలు అక్కడ బారులు తీరాయి. కొద్ది ఏళ్లలో చుట్టుపక్కల చెరువులు విషమయ్యాయి కూడా. శ్రీకాకుళానికీ అదే చట్టం, అదే 20 శాతం. వచ్చిన పరిశ్రమలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. 1978లో నియమించిన శివరామన్ కమిటీ దేశమంతా చూసి ఇదే తేల్చింది. సబ్సిడీలో పెద్ద భాగం అభివృద్ధి చెందిన కేంద్రాలకు ఆనుకుని ఉన్న కొద్ది జిల్లాలకే పోయిందని రాసింది. 1988లో కేంద్రం ఆ సబ్సిడీని ఆపేసి, దాని బదులు మౌలిక వసతులతో గ్రోత్ సెంటర్లు కట్టాలని నిర్ణయించింది. బొబ్బిలిలో వెయ్యి ఎకరాలకు పైబడిన గ్రోత్ సెంటర్ అలా వచ్చింది. డబ్బు చేతికివ్వడం కంటే రోడ్డు, నీరు, కరెంటు ముందు పెట్టడం మంచి ఆలోచనే. బొబ్బిలిలో ఫెర్రో, జూట్ యూనిట్లు కొన్ని నిలదొక్కుకున్నాయి కూడా. కానీ గ్రోత్ సెంటర్ దగ్గర ఇంజనీరు కుటుంబం స్థిరపడదగిన ఊరు కూడా కావాలని ఆ పథకం తలచలేదు.

2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం 94వ సెక్షన్ మళ్లీ పన్ను ప్రోత్సాహకాల మాట ఎత్తింది. ఈ ప్రాంతంలో చాలా ఆశ పెట్టుకున్న మాట అది. దాన్ని అమలు చేయడానికి 2015 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 32ఏడీ సెక్షన్ చేర్చింది. నోటిఫై చేసిన వెనుకబడిన ప్రాంతంలో 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు కొత్త ప్లాంటు, యంత్రాలు పెడితే వాటి ధరలో అదనంగా 15 శాతం ఖర్చుగా చూపించుకునే వీలుండేది. పది కోట్ల యంత్రాల మీద కోటిన్నర మినహాయింపు, 30 శాతం పన్ను రేటున 45 లక్షల ఆదా. కాగితం మీద తీసిపారేయదగిన మొత్తం కాదు.

అయితే నోటిఫై అయిన జిల్లాల జాబితా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రాయలసీమ నాలుగు జిల్లాలు, శ్రీకాకుళం, విజయనగరం, వాటితోపాటు అప్పటి ఉమ్మడి విశాఖపట్నం. తెలంగాణలో హైదరాబాదు తప్ప మిగతా తొమ్మిది ఉమ్మడి జిల్లాలూ. అంటే రంగారెడ్డి వెనుకబడిన ప్రాంతమే, స్టీలు ప్లాంటూ రెండు పెద్ద రేవులూ ఉన్న విశాఖపట్నమూ వెనుకబడిన ప్రాంతమే. విశాఖ ఏజెన్సీ మండలాలు నిజంగా వెనుకబడినవే, అందులో సందేహం లేదు. కానీ జిల్లా అనే ఒక్క కొలతతో కొలిచినప్పుడు పాడేరు గిరిజనుడి పేదరికం చూపించి గాజువాక ఫ్యాక్టరీ రాయితీ పొందుతుంది. పరవాడలో దొరికే మినహాయింపే పాతపట్నంలోనూ దొరుకుతుంటే, పెట్టుబడి పెట్టేవాడు పాతపట్నం దాకా ఎందుకు రావాలి?

మరో చిక్కు ఉంది. లాభాలుండి పన్ను కట్టవలసిన కంపెనీకే 32ఏడీ అక్కరకొచ్చేది. మొదటి మూడు నాలుగేళ్లు నష్టాల్లో ఈదే కొత్త చిన్న యూనిట్‌కు దానితో వెంటనే ఒరిగేదేమీ ఉండేది కాదు. ఆపైన 2019 సెప్టెంబరులో కేంద్రం దేశవ్యాప్తంగా కార్పొరేట్ పన్ను తగ్గించింది. కొత్త తయారీ కంపెనీలకు 15 శాతం, మిగతావాటికి 22 శాతం. ఈ తక్కువ రేటు కావాలంటే 32ఏడీ లాంటి మినహాయింపులు వదులుకోవాలి. దాంతో శ్రీకాకుళానికి ప్రత్యేకమంటూ ఇచ్చిన ఆకర్షణ, గడువుకు ఆరు నెలల ముందే చాలా కంపెనీలకు అర్థం లేనిదయింది. పుణెలో పెట్టినా పొందూరులో పెట్టినా అదే రేటు.

పన్ను రాయితీతోపాటు ఇస్తామన్న ప్రత్యేక ప్యాకేజీ సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. ఏడు వెనుకబడిన జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున మూడేళ్లు, మొత్తం 1,050 కోట్లు వచ్చాయి. నాలుగో ఏడాది 350 కోట్లు జమ చేసి వెనక్కి తీసుకున్నారు. 2011 జనగణన ప్రకారం విజయనగరం జిల్లా జనాభా 23.44 లక్షలు. వారికి తలకు ఏటా పడినది 213 రూపాయలు. అప్పటికి 27 లక్షల జనాభా ఉన్న శ్రీకాకుళంలో 185 రూపాయలు.

ఇప్పుడు పైడిభీమవరం వెళ్దాం. శ్రీకాకుళం జిల్లా దక్షిణపు అంచున, రణస్థలం మండలంలో, జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊరు. అరబిందో, డాక్టర్ రెడ్డీస్ వంటి ఔషధ సంస్థల కర్మాగారాలు ఇక్కడున్నాయి. జిల్లా పరిశ్రమల చిత్రపటంలో ఇంతకు మించిన చుక్క లేదు. ఆ చుక్క జిల్లా ముఖద్వారంలో, విశాఖ వైపు తిరిగి ఉండటం యాదృచ్ఛికం కాదు. షిఫ్టు మారే వేళ రహదారి మీద వరసగా నిలిచే కంపెనీ బస్సుల్లో విశాఖ, విజయనగరం వైపు వెళ్లేవి తక్కువేం కాదు. ఉన్నతోద్యోగి జీతం విశాఖలో ఖర్చవుతుంది, పిల్లలు విశాఖలో చదువుతారు. శ్రీకాకుళం జిల్లాకు మిగిలేది దినకూలి పని, భూగర్భజలం మీద భారం, కందివలస గెడ్డలో కలిసే వ్యర్థాల మీద మత్స్యకారుల ఫిర్యాదులు. ఇక్కడి మత్స్యకార యువకులు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతున్నారు. 2018లో అలా వెళ్లినవారిలో కొందరు పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గి 2020 జనవరిలో ఇల్లు చేరారు. ఇంటి వెనకే సముద్రం, ఊరి పక్కనే ఫ్యాక్టరీ ఉండగా వారు వెయ్యి మైళ్లు వెళ్లవలసి రావడం ఈ అభివృద్ధి లెక్కలో ఎక్కడా నమోదు కాదు.

పంచాయతీకి ఆదాయం వస్తుంది కదా అని అడగవచ్చు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) నడిపే పారిశ్రామిక వాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసే అధికారాన్ని ప్రభుత్వం స్థానిక సంస్థ నుంచి తీసి, పారిశ్రామిక ప్రాంత స్థానిక అథారిటీ అనే వేరే సంస్థకు అప్పగించే ఏర్పాటు ఉంది. వసూలైన దానిలో ఒక వాటా పంచాయతీకో, పురపాలక సంఘానికో పోతుంది. మిగతాది వాడ లోపలే రోడ్లకు, దీపాలకు ఖర్చు చేస్తారు. వాడ గోడ లోపల వీధిదీపం వెలుగుతుంది, గోడ బయట కార్మికులు అద్దెకుండే వీధిలో మురుగు పారుతుంది. ఫ్యాక్టరీ ఊళ్లో ఉంటుంది గానీ దాని పన్ను పూర్తిగా ఊరిది కాదు. స్థానిక పన్నుల రాయితీ గురించి మాట్లాడేవారు మొదట చూడవలసిన వాస్తవం ఇది.

దీనికి పూర్తి భిన్నమైన కథ పలాస. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల నడుమ, ఏ ప్రత్యేక పన్ను రాయితీ పిలవకుండానే వందలాది జీడిపప్పు బట్టీలు పలాస-కాశీబుగ్గలో పుట్టాయి. పిక్కలు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కోత, పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్. ప్రతి దశలోనూ ఆడవాళ్ల చేతులే ఎక్కువ. పీట ముందు కూర్చుని కాలితో కత్తి తొక్కి పిక్క చీల్చే పనిలో జీడి రసం అంటి వేళ్లు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. కూలి రోజుకు కాదు, తీసిన పప్పు కిలోల లెక్కన. గుండు విరగకుండా తీసినదానికి ఒక ధర, బద్దకు మరో ధర. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, సొంత తోటల పిక్క చాలక ఆఫ్రికా పిక్క దిగుమతి అవుతోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని చీల్చుకుపోయినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు నేలమట్టమయ్యాయి. అయినా పలాస ఆ వ్యాపారాన్ని వదల్లేదు. ఇక్కడ పెట్టుబడి పెట్టినవాడు ఇక్కడే కాపురముంటాడు, లాభం ఇక్కడి బజార్లోనే తిరుగుతుంది. ఇలాంటి పరిశ్రమకు పన్ను వాపసు కంటే కావలసింది సీజన్‌లో పిక్క కొనడానికి చవక అప్పు, నిల్వకు గోదాము, పనివారి చేతులకు రక్షణ, తాగడానికి మంచినీరు. మూత్రపిండాల జబ్బుతో ఉద్దానం ఎంత తల్లడిల్లిందో ఈ సభలోని వారికి చెప్పనవసరం లేదు.

మరి చిన్న నగరం చేతిలో ఉన్నదేమిటి? నిజానికి చాలా తక్కువ. 1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళికను పురపాలక సంఘాల విధుల్లో చేర్చింది. పన్ను వేసే అధికారం మాత్రం రాష్ట్ర చట్టం ఎంత ఇస్తే అంతే. వృత్తి పన్ను రాష్ట్రం వేసేది. ప్రకటనల పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయింది. జీఎస్టీ వినియోగ స్థలాన్ని బట్టి చేరే పన్ను కాబట్టి, విజయనగరంలో తయారై ఒడిశాలో అమ్ముడైన సరుకు మీద రాష్ట్ర వాటా ఒడిశాకు పోతుంది. విజయనగరం నగరపాలక సంస్థకు నేరుగా దక్కేది ఏమీ లేదు. మిగిలినవి ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సు రుసుము. ఆస్తి పన్ను 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. నగరపాలక సంస్థ తనదని చెప్పుకోగల పన్ను దాదాపుగా అదొక్కటే. దాన్ని కూడా వదులుకుంటే చెత్త ఎత్తడానికి, కుళాయి నీరివ్వడానికి డబ్బు ఎక్కడిది? పైగా 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ గ్రాంటులకు పెట్టిన షరతుల్లో ఆస్తి పన్ను వసూలు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పెరగాలన్నది ఒకటి. పన్ను మినహాయించిన పట్నం తన ఆదాయాన్నీ పోగొట్టుకుంటుంది, గ్రాంటునూ ప్రమాదంలో పడేసుకుంటుంది.

శ్రీకాకుళం విషయంలో మరింత బాధ కలిగించే సంగతి ఉంది. 2015 డిసెంబరులో అది నగరపాలక సంస్థ అయింది. కానీ 2010లో పాత పాలకవర్గం గడువు ముగిశాక విలీన గ్రామాల వివాదాల మధ్య ఎన్నికలే జరగలేదు, ప్రత్యేకాధికారి పాలన సాగుతూ వచ్చింది. ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థకు కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు రాదు. 1856లో పురపాలక సంఘం ఏర్పడిన ఊరు, తన పన్నుల గురించి మాట్లాడే తన ప్రతినిధి లేకుండా ఇన్నేళ్లు గడపడం చిన్న లోపం కాదు. ఏ కంపెనీకి ఏ రాయితీ ఇవ్వాలన్న చర్చకు వేదికే లేదు.

ఆ వేదిక లేనప్పుడు ఏమవుతుందో ఈ జిల్లాలు రక్తంతో నేర్చుకున్నాయి. చౌకగా ఇచ్చే భూమి కూడా రాయితీయే. సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా నిలిచిన రైతులు, మత్స్యకారుల మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అంతే, మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. ఊరి సభలో ముందే తేలవలసిన మాట తుపాకీ ముందుకు వచ్చింది. లచ్చన్న గారి సొంత ప్రాంతంలో ఇది జరిగిందని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ప్రపంచంలో మరెక్కడా ఈ తప్పు జరగలేదని కాదు. 2017లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మౌంట్ ప్లెజంట్ అనే చిన్న ఊరికి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ రప్పించడానికి 13,000 ఉద్యోగాల ఆశతో దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు ప్రకటించింది. 2021కి వచ్చేసరికి ఒప్పందాన్ని 1,454 ఉద్యోగాలకు కుదించి తిరగరాశారు. రాష్ట్రం తన రాయితీని ఉద్యోగాల సంఖ్యకు ముడిపెట్టింది కాబట్టి పెద్ద నష్టం తప్పించుకుంది. ముందే అప్పు చేసి భూములు కొని, ఇళ్లు ఖాళీ చేయించి, రోడ్లు, నీటి గొట్టాలు వేసిన ఊరికి ఆ రక్షణ లేదు. రాయితీలు లేకపోయినా వచ్చేవే వచ్చిన పెట్టుబడుల్లో నూటికి 75 నుంచి 98 దాకా ఉంటాయని అమెరికా ఆర్థికవేత్త టిమొతీ బార్టిక్ లెక్కగట్టాడు.

మన దగ్గర విజయవంతమైనదిగా చెప్పే కియా కథ కూడా దగ్గరగా చూస్తే వేరే పాఠం చెబుతుంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019లో పెనుకొండ దగ్గర కార్లు బయటికి వచ్చాయి. రాయితీలు ఇచ్చారు, నిజమే. కానీ కరువు సీమలో ఆ ఫ్యాక్టరీ నిలిచింది హంద్రీ-నీవా నీటిని గొల్లపల్లి జలాశయానికి తెచ్చి ఇచ్చినందువల్ల, బెంగళూరు అందుబాటులో ఉన్నందువల్ల. అక్కడా అంచే గెలిచింది.

ఈ నేపథ్యంలో విశాఖ దూకుడు చూడాలి. 2025 ఏప్రిల్‌లో రుషికొండలో 21.16 ఎకరాలను 99 పైసలకు టీసీఎస్‌కు ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ పెట్టుబడిని గూగుల్ ప్రకటించింది. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయనగరం, వంద కిలోమీటర్ల పైనున్న శ్రీకాకుళం ఈ పోటీలో పన్ను తగ్గించి గెలవలేవు. గెలవడానికి ప్రయత్నించనూ కూడదు. 99 పైసల కంటే తక్కువ ధర లేదు.

భోగాపురం విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు ఈ జిల్లాల అంచులను మార్చబోతున్నాయి. ఇప్పటిదాకా అంచు విశాఖ వైపు ఒక్కటే. రేవు వస్తే ఉత్తరాన మరొకటి ఏర్పడుతుంది, టెక్కలి, పలాస దానికి చేరువవుతాయి. పైడిభీమవరంలో జరిగిందే అక్కడా జరగకుండా ఉండాలంటే రాయితీ నిబంధన ఇప్పుడే మారాలి. జిల్లాను కొలతగా తీసుకోవడం మాని మండలాన్ని తీసుకోవాలి. రాయితీని యంత్రాల ధరకు కాక, ఆ మండలం చిరునామా ఉన్న కార్మికుల పీఎఫ్ చలానాకు కట్టాలి. ఏటా వెరిఫై చేయగల కాగితం అది. కాంట్రాక్టరు ద్వారా మూడు నెలలకోసారి మార్చే కూలీలను ఉద్యోగాలుగా లెక్కించకూడదు. పారిశ్రామిక వాడ ఆస్తి పన్ను వాటాలో వాడ బయటి వీధికి, కార్మికుల కాలనీకి, మహిళా హాస్టల్‌కు ఇంతని విడిగా చట్టంలో రాయాలి. రాష్ట్రం ఎవరికైనా ఆస్తి పన్ను మినహాయిస్తే ఆ మొత్తాన్ని రాష్ట్ర ఖజానా నుంచే నగరపాలక సంస్థకు పూడ్చాలి. ఇస్తామన్న వాపసులను సంవత్సరాల తరబడి బకాయి పెట్టే అలవాటు కూడా మానాలి. చిన్న యూనిట్ యజమాని ఆ వాపసు వస్తుందనే నమ్మకంతో బ్యాంకు అప్పు తెచ్చుకుంటాడు. ఆరు విడతల్లో రావలసిన సొమ్ము ఆరేళ్ల తర్వాత వస్తే అప్పటికి షెడ్డు తాళం పడి ఉంటుంది. మోటుపల్లి శాసనం మాట ఇక్కడే పనికొస్తుంది: తక్కువైనా సరే, చెప్పిన రోజుకు చెప్పినంత.

అన్నిటికన్నా ముందు నీరు. విజయనగరం తాగునీటికీ భోగాపురం అవసరాలకూ ఉద్దేశించిన తారకరామ తీర్థసాగరం ఏళ్ల తరబడి పూర్తికాకుండా ఉంది. దాన్ని పూర్తిచేయడానికి ఖర్చుపెట్టిన రూపాయి ఫ్యాక్టరీకీ అందుతుంది, విజయనగరం దాసన్నపేట కుళాయికీ అందుతుంది. శ్రీకాకుళంలో పాలకవర్గం ఏర్పడిన నాడు, దాని మొదటి బడ్జెట్ పుస్తకానికి ఒక అనుబంధం జతచేయించడం ఈ సభలో ఉన్న పన్ను చెల్లింపుదారులు అడిగి సాధించగల పని: నగరం పరిధిలో ఏ సంస్థకు, ఏ చట్టం కింద, ఎంత పన్ను వదులుకున్నారు, దానికి బదులుగా ఎందరు స్థానికులకు పని దొరికింది, వారి నెల వేతనం ఎంత. అయిదు గడుల పట్టిక. అందులో మొదటి ఏడాది నాలుగో గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, రెండో ఏడాది ఆ ఖాళీ గురించి కార్పొరేటర్ లేచి అడుగుతాడు.